అతుకుల తెలుగు

మన దగ్గర కథల మీద సమీక్షలొస్తాయి, కవిత్వం మీద వాదాలు నడుస్తాయి, సినిమా విడుదలైన మధ్యాహ్నానికల్లా పది అభిప్రాయాలు చదివేస్తాం. కానీ తెలుగు చదవడం వచ్చినవాళ్ళు రోజూ చదివే ఒక వచనం ఉంది. దాని గురించి మాత్రం ఎవరూ ఏమీ రాయరు. ఫోన్ తెర మీద కనిపించే తెలుగు అది. 'అనుమతించు', 'దాటవేయి', 'మళ్లీ ప్రయత్నించండి', 'మీ సెషన్ గడువు ముగిసింది'. జన్మలో నవల కొనని మనిషి కూడా దీన్ని చదవాల్సిందే. చదివి, అర్థం చేసుకుని, వేలితో జవాబు చెప్పాల్సిందే. జవాబు తప్పయితే డబ్బులు పోతాయి. చదివినవాడి మీద ఇంత ప్రభావం ఉన్న వచనం తెలుగులో ఇంకేముంది? వీలునామా, కోర్టు తీర్పు, ఇంకో రెండు మూడు ఉంటాయేమో.

అసలు పట్టించుకోమని కాదు. పట్టించుకుంటాం, నవ్వుకోడానికి. స్క్రీన్‌షాట్ తీసి గ్రూపులో పెడతాం. ఫోన్లో 12 జీబీ ఖాళీ ఉందని చెప్పడానికి '12 జీబీ ఉచితం' అని రావడం, మే నెల కాస్తా 'వచ్చు' అయిపోవడం, టికెట్ బుక్ చేసే బటన్ మీద 'పుస్తకం' అని కనిపించడం. ఈ నవ్వులయ్యాక రెండు పక్షాలు తేలతాయి. మొదటి పక్షం: ఇంగ్లీషు మాటల్నే తెలుగు లిపిలో రాసేస్తే గొడవ ఉండదు, డౌన్‌లోడ్‌ని డౌన్‌లోడ్ అంటే పోయేదానికి దిగుమతి ఎందుకు? రెండో పక్షం: కొత్త వస్తువుకి పేరు పెట్టుకోలేని భాష ఎన్నాళ్ళు బతుకుతుంది, మంచి మాటలు పుట్టించాలి. వాదన గంటసేపు నడుస్తుంది. ఎవరూ మారరు. మర్నాడు ఇంకో స్క్రీన్‌షాట్ వస్తుంది.

నా ఉద్దేశంలో ఈ రెండు పక్షాలూ తప్పు చోట పోట్లాడుకుంటున్నాయి. రెండూ మాటల గురించే మాట్లాడుతున్నాయి. ఫోన్ తెలుగు జబ్బు మాటల్లో లేదు. మాటకీ మాటకీ మధ్యన, అతుకు దగ్గర ఉంది.

నేను సాఫ్ట్‌వేర్లో పనిచేస్తాను కాబట్టి ఈ వచనం ఎలా తయారవుతుందో తెలుసు. యాప్‌లో కనిపించే మాటలన్నీ ఒక ఫైల్లో వరసగా ఉంటాయి. ఎడమవైపు ఒక గుర్తింపు పేరు, కుడివైపు ఇంగ్లీషు వాక్యం. అనువాదం చేసే మనిషికి చాలాసార్లు అందేది ఈ జాబితా ఒక్కటే. తెర అందదు. ఒక వరసలో 'ఓపెన్' అని ఉంటే అది 'తెరువు' అనే ఆజ్ఞా, లేక 'తెరిచి ఉంది' అనే సమాచారమా చెప్పేవాళ్ళుండరు. అతనికి మాటకింత అని డబ్బులు. ఆ జాబితాలో 'ఫ్రీ' అని ఒంటరిగా నిలబడి ఉన్న మాటకి 'ఉచితం' అని రాశాడంటే అతన్ని చూసి నవ్వడం అన్యాయం. అది ఏ వాక్యంలోంచి ఊడిపడిందో చూపించకుండా అర్థం చెప్పమన్నాం మనం.

ఇది కాస్త చిన్న చిక్కు. పెద్ద చిక్కు ఖాళీలతో వస్తుంది. ఇంగ్లీషులో 'డెలివరింగ్ టు' అని రాసి, పక్కన ఒక ఖాళీ వదిలేస్తారు. ఆ ఖాళీలో హోమ్ అని పెట్టినా, ఆఫీస్ అని పెట్టినా, ఊరి పేరు పెట్టినా ఇంగ్లీషు వాక్యానికేం కాదు. లోపలికొచ్చిన మాట ఎలా ఉందో అలాగే కూర్చుంటుంది. తెలుగులో అలా కూర్చోదు. నా ఫోన్లో ఒక యాప్ చాలాకాలం 'ఇల్లు కు డెలివరీ చేయబడుతుంది' అని చెప్పేది. ఇందులో ఒక్క మాటా కఠినమైంది కాదు. ఇల్లు తెలుగు మాట, 'కు' తెలుగు ప్రత్యయం, డెలివరీ అందరికీ తెలిసిందే. సంస్కృతం పక్షాన్నీ ఇంగ్లీషు పక్షాన్నీ పిలిచి అడిగినా మాటల్లో తప్పు పట్టలేరు. అయినా అది తెలుగు కాదు. ఇల్లు ఇంటికి అవ్వాలి. కాలు కాలికి, నోరు నోటికి, రాయి రాతికి, ఏరు ఏటికి. బడికి వెళ్ళని పిల్లలు కూడా పొరపాటు పడని చోట లక్షల మంది వాడే యాప్ పొరపాటు పడుతోంది. ఎందుకంటే ఆ ఖాళీ పెట్టిన మనిషికి, లోపలికొచ్చే మాట రూపం మార్చుకునే భాషలు కూడా ఉంటాయని తోచలేదు. 'ఇల్లు'కీ 'కు'కీ మధ్య ఉన్న ఆ చిన్న జాగా చూడండి. అక్కడ మాట్లాడే మనిషి లేడని ఆ జాగాయే చెప్పేస్తుంది.

లెక్కల సంగతీ అంతే. ప్రపంచ భాషల్లో ఏకవచన బహువచనాలు ఎలా పనిచేస్తాయో సాఫ్ట్‌వేర్ వాళ్ళ కోసం యూనికోడ్ సంస్థ ఒక పెద్ద సమాచార సంచయం నడుపుతుంది. దాని ప్రకారం తెలుగుకి రెండే రూపాలు: ఒకటి, మిగతావన్నీ. పుస్తకాలకి ఇది సరిపోతుంది. ఒక పుస్తకం, మూడు పుస్తకాలు. కానీ మనుషుల్ని మనం అలా లెక్కపెట్టం. ఒకరు, ఇద్దరు, ముగ్గురు, నలుగురు, ఐదుగురు, ఆరుగురు, ఏడుగురు, ఆ తర్వాత ఎనిమిది మంది. మనిషినీ వస్తువునీ వేరుగా లెక్కపెట్టే భాష మనది. ఫోన్ మాత్రం '3 స్నేహితులు' అంటుంది. మూడు కుర్చీలు, మూడు కుండలు, మూడు స్నేహితులు. పిడివాది వ్యాకరణకర్తలా అడుగుతున్నాననుకోకండి. ఏ పల్లెటూళ్ళో ఏ మనిషైనా 'మూడు చుట్టాలొచ్చారు' అంటే ఆ చుట్టాలు ఏమనుకుంటారు?

అక్షరాల స్థాయిలో కూడా ఇదే కథ. 2018 ఫిబ్రవరిలో ఐఫోన్లని ఒక తెలుగు అక్షరం కుప్పకూల్చిన సంగతి మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆ అక్షరం 'జ్ఞా'. జ్ఞానంలో మొదటి అక్షరం. దాన్ని ఒక ప్రత్యేకమైన వరసలో కూర్చి పంపితే, అందుకున్న ఫోన్లో మెసేజీల యాప్ మూతపడేది, మళ్ళీ తెరుచుకునేది కాదు. ఐఓఎస్ 11.2.5లో ఉన్న ఈ లోపాన్ని ఆపిల్ ఆ నెలలోనే 11.2.6తో సరిచేసింది. అప్పుడు మనం గర్వంగా జోకులేసుకున్నాం, మా భాష దెబ్బకి ఆపిలే పడిపోయిందని. కానీ లోపం ఎక్కడుందో చూడండి. జకారం, హల్లుని కలిపే గుర్తు, ఞకారం, ఆ తర్వాత కంటికి కనిపించని ఒక గుర్తు, చివర దీర్ఘం. ఆ కనిపించని గుర్తు మనం 'సాఫ్ట్‌వేర్' అని టైపు చేసేటప్పుడు టకారం కింద వకారం ఒత్తుగా చేరిపోకుండా ఆపేది. ఇంగ్లీషులో దాని పేరే కలవనివ్వనిది అని. అంటే ఆ ఫోన్ కలవడానికీ విడిపోవడానికీ మధ్య ఎక్కడో తట్టుకుని పడింది. యూనికోడ్ 1991లో వచ్చిన మొదటి కూర్పులోనే తెలుగుకి 128 గళ్ళు ఇచ్చింది. చోటు ఇవ్వడం ఒకటి, ఆ చోట్లో ఉన్నవి ఒకదాన్నొకటి ఎలా పట్టుకుంటాయో తెలుసుకోవడం ఇంకొకటి. 27 ఏళ్ళ తర్వాత కూడా రెండో పని పూర్తి కాలేదు.

ముక్కల్ని కలపడమే అసలు పని అయినప్పుడు, ఆ పని బాగా చేసిన ఉదాహరణ ఉందా? ఉంది. మీ వీధి చివర కిరాణా కొట్లోనే ఉంది. డబ్బు పడగానే గట్టిగా అరిచి చెప్పే చిన్న డబ్బా. మా కొట్లో డబ్బా 'నూట ఇరవై రూపాయలు' అంటుంది, 'వంద ఇరవై' అనదు. వంద ఒంటరిగా ఉంటే వంద, పక్కన ఇంకో అంకె చేరితే నూట. రెండు వందలు, రూపాయల ముందుకొచ్చేసరికి రెండు వందల. చందాలు రాసే పుస్తకంలో నూట పదహార్లు అని రాసుకునే జాతికి ఇందులో వింత కనిపించదు. కానీ దీన్ని తయారు చేసిన చోట ఎవరో ఒక తెలుగు మనిషి కూర్చుని, ఇది ఇలా అంటే జనం నవ్వుతారు, అలా అనాలి అని చెప్పి ఉండాలి. ఆ డబ్బా మీద కొట్టువాడికి ఉన్న నమ్మకం చూడండి. కొనేవాడు తన ఫోన్ తెర చూపిస్తే కొట్టువాడు నమ్మడు. దొంగ స్క్రీన్‌షాట్లు చూపించి సరుకు పట్టుకుపోయిన వాళ్ళ కథలు అతనికి తెలుసు. డబ్బా పలికితే నమ్ముతాడు. ఎవరు ఎవరికి చెబుతున్నారో, ఏం చెబుతున్నారో స్పష్టంగా ఉంది కాబట్టి. నీకు ఇంత డబ్బు వచ్చింది. అంతే విషయం.

ఇప్పుడు అసలు ప్రశ్నకి వస్తాను. ఫోన్ తెర మీద మాట్లాడుతున్నది ఎవరు? ఎవరితో?

ఇంగ్లీషులో ఫలానావాళ్ళు మీ ఫోటో మెచ్చుకున్నారని చెప్పడానికి క్రియ మారక్కర్లేదు. తెలుగులో మెచ్చుకున్నాడా, మెచ్చుకుందా, మెచ్చుకున్నారా అన్నది తేల్చుకోకుండా వాక్యం ముగియదు. మనిషి ఆడో మగో, పెద్దో చిన్నో, దగ్గరివాళ్ళో కాదో క్రియ తోకలోనే చెప్పాలి. ఇవేమీ తెలియని యంత్రం అందరికీ 'రు' తగిలించేస్తుంది. నా చెల్లెలి ఏడేళ్ళ కూతురు ట్యాబ్‌లో బొమ్మ గీస్తే 'మీరు అద్భుతంగా చేశారు' అంటుంది. ఆ పిల్ల వెనక్కి తిరిగి చూసింది, ఇంకెవరినో అంటున్నారేమోనని.

ఇది కూడా నవ్వుకునే విషయమే అనిపించవచ్చు. నాకలా అనిపించలేదు. తెలుగులో మీరు, నువ్వు, ఏరా అనే మెట్లు ఊరికే రాలేదు. కులాన్నీ డబ్బునీ వయసునీ చూసి ఎవరికి ఏది ఇవ్వాలో లెక్క కట్టుకున్న సమాజం అది. ఆ లెక్క ఇంకా పూర్తిగా పోలేదు. అపార్ట్‌మెంట్ గేటు దగ్గర 'ఏయ్, ఎక్కడికి?' అనిపించుకునే డెలివరీ కుర్రాడి చేతిలోని ఫోన్ అతన్ని 'మీరు' అంటుంది. ఏటీఎం ముందు ఎవరు నిలబడినా 'మీ కార్డు పెట్టండి' అనే అంటుంది. తెలియకపోవడం వల్ల వచ్చిన మర్యాదే అయినా, మనుషులు ఇవ్వని మర్యాద యంత్రం ఇచ్చింది. ఫోన్ తెలుగుని తిట్టేవాళ్ళు ఈ మేలు లెక్కలో వేసుకోవాలి.

అయితే ఆ మర్యాద ఎంతదూరం నడుస్తుంది? మనం ఏదైనా చెయ్యాల్సి వచ్చినంతవరకే. 'నమోదు చేయండి', 'ఎంచుకోండి', 'వేచి ఉండండి'. వాళ్ళు ఏదైనా చేసినప్పుడు వాక్యం మారిపోతుంది. 'మీ అభ్యర్థన తిరస్కరించబడింది.' 'మీ ఖాతా నిలిపివేయబడింది.' 'రుసుము వసూలు చేయబడింది.' ఎవరు తిరస్కరించారు? ఎవరు వసూలు చేశారు? ఇంటి భాషలో 'బడు' ఇలా రాదు. మా ఇంట్లో ఎవరూ 'పాలు పొంగబడ్డాయి' అనరు. అప్పు అడిగితే బ్యాంకు ఇవ్వనంది అంటాం, కరెంటు కట్ చేశారు అంటాం. ఎవరో తెలియకపోయినా ఆ 'రు'లో ఎవరో ఉన్నారన్న స్పృహ ఉంటుంది. 'బడింది'లో ఎవరూ ఉండరు. వానలా దానంతట అది జరిగిపోయినట్టు ఉంటుంది. పాత సర్కారు నోటీసులు కూడా ఈ 'బడు'ని బాగా వాడుకున్నాయి. కానీ ఆ నోటీసు కింద తహసీల్దారు సంతకం ఉండేది. వెళ్ళి ఆయన బల్ల ముందు నిలబడగలిగేవాళ్ళం. తెర మీద వాక్యానికి సంతకం లేదు.

మాట్లాడేవాళ్ళు మాయమైపోతే ఏమవుతుందో మా పిన్ని విషయంలో చూశాను. ఆవిడది తెనాలి. వారపత్రికల సీరియళ్ళు ముప్ఫై ఏళ్ళు చదివిన మనిషి. తెలుగు చదవడంలో నాకంటే చురుకు. ఫోన్ తెలుగులోనే పెట్టుకుంది, పట్టుబట్టి. కొన్నేళ్ళ క్రితం పాత కుట్టు మిషను అమ్ముదామని తెలిసినవాళ్ళ చేత ఫోటో పెట్టించింది. ఒకతను ఫోన్ చేశాడు. 'అమ్మా, నమస్కారం. మిషను మా అక్క కోసమండీ. మీరు పెద్దవారు, మీకు అనుమానం ఎందుకు, డబ్బు ముందే పంపించేస్తాను. రేపు మనిషిని పంపి తెప్పించుకుంటా' అన్నాడు. ఒక నిమిషంలో తెర మీద వచ్చింది: 'చెల్లింపు అభ్యర్థన. రూ. 8,000.' కింద రెండు బటన్లు. 'తిరస్కరించు', 'స్వీకరించు'. పిన్ని స్వీకరించు నొక్కి, పిన్ కొట్టింది. ఎనిమిది వేలు పోయాయి.

తర్వాత చుట్టాలంతా ఆవిడకి జాగ్రత్తలు చెప్పారు. పిన్ కొట్టేది డబ్బు ఇవ్వడానికే, తీసుకోడానికి పిన్ అక్కర్లేదు, ఆ మాత్రం తెలీదా అన్నారు. మాట నిజమే. కానీ ఒక పాఠకుడిగా ఆ తెరని మళ్ళీ చదవండి. 'చెల్లింపు అభ్యర్థన' అనే సమాసంలో ఎవరు ఎవరికి చెల్లిస్తారో ఉందా? చెల్లింపు కోసం అభ్యర్థనా, చెల్లింపు గురించి అభ్యర్థనా? విగ్రహవాక్యం ఎలా చెప్పినా చెల్లుతుంది. ఇక బటన్. ఇంగ్లీషు 'యాక్సెప్ట్'కి తెలుగులో కనీసం రెండు అర్థాలున్నాయి: ఒప్పుకోవడం, పుచ్చుకోవడం. జాబితాలో ఒంటరిగా ఉన్న మాటకి అనువాదకుడు రెండోది రాశాడు. కానుక స్వీకరిస్తాం, పదవి స్వీకరిస్తాం. ఎదుటివాడు డబ్బు పంపుతున్నానని చెప్పిన మరుక్షణం 'స్వీకరించు' అని కనిపిస్తే, తెలుగు బాగా వచ్చిన మనిషే దాన్ని నొక్కుతుంది. పిన్ని తెలుగు చదవడం రాక మోసపోలేదు. చదవడం వచ్చే మోసపోయింది.

ఇక్కడ ఆ మోసగాడి వచనాన్ని కూడా సమీక్షించాలి. 'అమ్మా' అని పిలిచాడు. ఎవరికోసం కొంటున్నాడో చెప్పాడు. అతని వాక్యాల్లో పంపేవాడున్నాడు, పుచ్చుకునేవాళ్ళున్నారు, రేపు అనే కాలం ఉంది, అక్క ఉంది. అన్నీ అబద్ధాలే, కానీ ప్రతి వాక్యంలో కర్త ఉన్నాడు. యాప్ చెప్పింది నిజమే, కానీ దాని వాక్యంలో ఎవరూ లేరు. నిజం అంత పేలవంగా, అబద్ధం అంత చక్కగా ఉంటే వినేవాళ్ళు దేన్ని నమ్ముతారు? మన బ్యాంకులు జాగ్రత్త మెసేజీలు పంపడానికి ఖర్చు పెడుతూనే ఉన్నాయి. ఆ మెసేజీలు రాసేవాళ్ళు ఒక పూట ఈ మోసగాళ్ళ ఫోన్లు వింటే బావుంటుంది.

మొదటి పక్షం వాళ్ళు అంటారు, 'రిక్వెస్ట్', 'యాక్సెప్ట్' అని రాసుంటే ఈ గొడవ ఉండేది కాదు కదా అని. ఉండేది. యాక్సెప్ట్ అన్నా పిన్ని డబ్బు తీసుకోడానికే అనుకునేది. తెలుగు ఫోన్ వద్దని ఇంగ్లీషులో వాడుకుంటూ ఇదే ఉచ్చులో పడినవాళ్ళు లేరా? రెండో పక్షం వాళ్ళు అభ్యర్థనకి బదులు ఇంకో మంచి మాట ఇస్తారు. దానివల్లా లాభం లేదు. అక్కడ కావల్సింది మాట కాదు, వాక్యం. 'ఇతను మీ దగ్గర రూ. 8,000 అడుగుతున్నాడు. పిన్ కొడితే మీ డబ్బు వెళ్ళిపోతుంది.' ఇందులో ఇంగ్లీషు మాటా ఉంది, తెలుగు మాటలూ ఉన్నాయి. ఎవరు ఎవరికి అన్నది కూడా ఉంది. తెర మీద ఇంత చోటెక్కడిది అంటారా, క్యాష్‌బ్యాక్ ప్రకటనకి ఇచ్చిన చోట్లో మూడో వంతు చాలు.

ఇలాంటి తెలుగు రాయగలిగిన చోటు ఒకటి ఇంటర్నెట్లోనే ఉంది. తెలుగు వికీపీడియా. 2003 డిసెంబర్లో మొదలైంది. ఇంగ్లీషు వికీపీడియాలో అందరూ చేరి మాట్లాడుకునే పేజీని 'విలేజ్ పంప్' అంటారు. జాబితాలో వరసగా వచ్చి ఉంటే అది 'గ్రామ పంపు' అయ్యేది, మనం స్క్రీన్‌షాట్ తీసుకునేవాళ్ళం. తెలుగు వికీపీడియాలో అది రచ్చబండ. ఊరి మధ్య చెట్టు కింద అరుగు, దాని మీద కూర్చుని తగువు తీర్చుకునే జనం, రచ్చ అనే మాటలో ఉన్న కాస్త అల్లరి, అన్నీ వచ్చేశాయి. సరిగ్గా పెరగని చిన్న వ్యాసాన్ని ఇంగ్లీషులో 'స్టబ్' అంటారు. అంటే కాల్చి పారేసిన సిగరెట్ పీకలాంటిది, నరికేశాక మిగిలిన మోడులాంటిది. తెలుగులో దాన్ని మొలక అన్నారు. ఇది అనువాదం కూడా కాదు, దిద్దుబాటు. మిగిలిపోయిన ముక్క అన్న ఊహని తీసేసి, పెరగబోయేది అన్న ఊహ పెట్టారు. నీళ్ళు పొయ్యమని పాఠకుణ్ణి అడిగే మాట అది. ఒకే పేరున్న రెండు మూడు విషయాల్ని విడదీసే పేజీ పేరు అయోమయ నివృత్తి. సంస్కృతమే, కానీ అయోమయం మన నోట్లో రోజూ ఆడేదే కాబట్టి ఎవరికీ గుచ్చుకోలేదు. ఈ పేర్లు పెట్టినవాళ్ళకి జీతాలు లేవు. కానీ ఆ మాట ఏ పేజీలో ఎక్కడ కూర్చుంటుందో వాళ్ళకి తెలుసు, ఎందుకంటే ఆ పేజీ వాడేది వాళ్ళే. నచ్చకపోతే రచ్చబండ మీదే తగువు పెట్టుకోవచ్చు.

ఏటా ఆగస్టు 29న గిడుగు రామమూర్తి గారి పుట్టినరోజున తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటాం. ఆరోజు పాత మాటల పోస్టర్లు బాగా తిరుగుతాయి. గిడుగు పోట్లాడింది మాటల కోసం కాదనుకుంటాను. చదువుకునేవాడికి అందే భాషలో చదువు ఉండాలని పోట్లాడాడు. సవర పిల్లలకి చదువు చెప్పడానికి ఆయన ముందు సవర భాష నేర్చుకున్నాడు, ఆ మనుషుల దగ్గర కూర్చుని, విని. ఆ తర్వాతే పుస్తకాలు రాశాడు. ముందు వినడం, తర్వాత రాయడం. ఫోన్ తెలుగు తయారయ్యే పద్ధతిలో మొదటి మెట్టు అసలు లేదు.

ఇదంతా పాతబడిపోయే గొడవ అని నా పక్క సీటు స్నేహితుడి వాదన. ఏఐ వచ్చాక 'ఇల్లు కు' అనే తెలుగు ఉండదు అంటాడు. కొంతవరకు నిజం. కొత్త అనువాద యంత్రాలు ఇంటికి అనే రాస్తున్నాయి, ముగ్గురు అనే లెక్కపెడుతున్నాయి. అతుకులు కనిపించకుండా కుట్టడం వాటికి వచ్చింది. కానీ అతుకు కనిపించకపోవడంలో ఒక ప్రమాదం ఉంది. ఇప్పటిదాకా వంకర తెలుగు చూడగానే ఇక్కడ మనిషి లేడని తెలిసేది. ఇకముందు అదీ తెలీదు. చక్కటి తెలుగు బ్యాంకుకి దొరికినట్టే మోసగాడికీ దొరుకుతుంది. పైగా మూల వాక్యంలోనే కర్త లేకపోతే యంత్రం కర్తని ఎక్కణ్ణించి తెస్తుంది? 'తిరస్కరించబడింది' అన్నదాన్ని ఇంకా సొగసుగా, ఇంకా మర్యాదగా రాస్తుంది. తిరస్కరించినవాళ్ళ పేరు మాత్రం రాయదు.

మనం, అంటే ఇలాంటి పత్రికలు చదివేవాళ్ళం, చాలావరకు ఫోన్లు ఇంగ్లీషులో వాడుకుంటాం. అందుకే ఫోన్ తెలుగు మనకి వేడుక. దాన్ని నిజంగా చదవాల్సినవాళ్ళు మన అమ్మలు, పిన్నులు, ఊళ్ళో ఉన్న బాబాయిలు. వాళ్ళ తరఫున ఈ వచనాన్ని కథల్ని చదివినంత శ్రద్ధగా చదవడం విమర్శ చెయ్యగలిగిన పని. ఎవరు మాట్లాడుతున్నారు, ఎవరితో, ఎవరి పేరు దాచారు అని కథని అడిగే ప్రశ్నలే బటన్‌ని కూడా అడగొచ్చు. అడిగి, అది తయారు చేసేవాళ్ళకి రాయొచ్చు. నాలాంటివాళ్ళు ఆ ఫైలు తెరిచే గదుల్లోనే కూర్చుంటారు కాబట్టి అక్కడే అనొచ్చు.

అడగాల్సినదాంట్లో మొదటిది నాకు తెలుసు. డబ్బు బయటికి వెళ్ళే ప్రతి తెర మీదా 'స్వీకరించు', 'ఆమోదించు', 'కొనసాగించు' అన్నీ తీసేసి ఒక్క మాట పెట్టాలి: 'ఇస్తాను'. ఇంగ్లీషు 'పే'లో ఎవరూ లేరు. ఇస్తాను అనే మాట చివర ఉన్న 'ను' అంటే నేను. ఆడైనా మగైనా, పెద్దయినా చిన్నయినా అదే రూపం. ఖాళీ పూరించక్కర్లేదు, విభక్తి వెతుక్కోనక్కర్లేదు. పిన్ని ఆరోజు ఆ బటన్ చూసి ఉంటే, నేనెందుకు ఇస్తానయ్యా, ఇచ్చేది నువ్వు కదా అని ఫోన్లో అడిగేది.